ఏడో నంబరు ముసలాయన చెవి

సర్వేయరుకి మిగిలిన నాలుగు పళ్ళూ ఒకే వారంలో పోయాయి. రెండు వాటంతట అవే ఊడొచ్చాయి, రెండు పళ్ళ డాక్టరు పీకాడు. రిటైరై ఆరేళ్ళయింది కాబట్టి బోసినోటితో ఎవరి ముందూ నిలబడాల్సిన పని లేదు గానీ, గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో బుగ్గలు లోపలికి పోయిన ఆ మొహం ఎవరిదో అనిపించేది.

“నోట్లో నాలుక లేని మనిషని చెప్పి మావాళ్ళు నన్ను కట్టబెట్టారు. ఇప్పుడు పళ్ళు కూడా లేవు. ఇంక నాకు ఎదురేముంది?” అంది భార్య, రొట్టెముక్కలు పాలల్లో నానబెడుతూ.

ఆయనకు నిజంగానే మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ ముందుగదిలోని అద్దాల బీరువా గురించే. అందులో పంతొమ్మిది పైపులున్నాయి. పొగాకు పైపులు. ఒక్కొక్కటీ ఒక్కో తలకాయ. ఇరవై మూడేళ్ళ కిందట గుండె డాక్టరు సిగరెట్లు మాన్పించినప్పుడు చేతులకు ఏం చెయ్యాలో తోచక ఊరంతా తిరుగుతుంటే, పేవ్‌మెంటు మీద పాతసామాను అమ్మేవాడి దగ్గర, తలుపు పిడులకీ పగిలిన దుర్భిణీకీ మధ్య, మొదటి తలకాయ కనబడింది. చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ కింద పెట్టబుద్ధి కాలేదు.

మీర్‌షామ్ అంటారు ఆ రాయిని. పేరుకి రాయే గానీ తీరు రాయిది కాదు. ఎండితే పిడికెడంత ముక్క కూడా అగ్గిపెట్టంత తేలిక. నీళ్ళలో నానితే సబ్బులా కోతకు లొంగుతుంది. చెక్కి, ఆరబెట్టి, తేనెమైనంలో ముంచితే పాలమీగడ రంగు వస్తుంది. ఆ తర్వాత ఎవరైనా దాన్ని ఏళ్ళ తరబడి కాలిస్తే పొగ లోపల్నుంచి పట్టి, మీగడ రంగు కాస్తా తేనె రంగుకీ, తేనె రంగు కాస్తా చిక్కటి టీ రంగుకీ తిరుగుతుంది. సర్వేయరు మాత్రం ఒక్కదాన్నీ వెలిగించలేదు. ఎవరో కాల్చి వదిలేసిన రంగునే చూసుకుంటూ కూర్చునేవాడు.

పంతొమ్మిదిలో పదకొండు ఒకే చేతి పని అని ఆయన వాదన. మ్యాపుల ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు కొండల వాలుకి సన్నగీతలు గీసిన మనిషి ఆయన. గీత మొదలైన చోట లావు, వదిలిన చోట తోక. ఆ తోక ఏ పక్కకి పోయిందో చూసి, ఏ కొండ ఏ గుమస్తా గీశాడో చెప్పేసేవాడు. ఈ పదకొండు తలకాయల గడ్డాల్లోనూ కత్తిగీత తోక ఎడమచేతి వాటంగా పోయింది. పైగా ప్రతి చెవి లోపలా, అక్షరానికి కొమ్ము తిరగేసి ఇచ్చినట్టు, ఒక చిన్న కోత. సంతకాలు లేవు. అందుకని ఆయనే “ఎడమచేతాయన” అని పేరు పెట్టి, పైపులు సేకరించేవాళ్ళ సంఘం త్రైమాసిక పత్రికలో నాలుగు పేజీల వ్యాసం రాశాడు. ఎడమచేతాయన వయసు మళ్ళిన మనిషనీ, ఒంటరివాడనీ, బహుశా పెద్ద గడ్డం ఉండి ఉంటుందనీ రాశాడు. ఆ మొహాలన్నీ ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టుంటాయి కాబట్టి జీవితంలో ఏదో పెద్ద దుఃఖం మింగి ఉంటాడన్నాడు. గత ముప్ఫై ఏళ్ళలో చెక్కిన పైపుల్లో ఆ చేతిది ఒక్కటీ కనబడలేదు కాబట్టి అప్పుడే కాలం చేసి ఉంటాడని ముగించాడు. వ్యాసం చదివిన వాళ్ళందరూ మెచ్చుకున్నారు. అందరూ అంటే తొమ్మిది మంది.

కట్టుడు పళ్ళ కోసం నాలుగోసారి వెళ్ళిన రోజు పళ్ళ డాక్టరు మైనపు చిగుళ్ళలో గుచ్చిన పళ్ళ వరస తెచ్చి నోట్లో పెట్టాడు. ఇంకా అసలు సెట్టు కాదు, కొలత సరిపోయిందో లేదో చూడటానికి.

“నవ్వండి.”

సర్వేయరు నవ్వాడు.

“బాగుంది. ఓ పదేళ్ళు వెనక్కి వెళ్ళారు. తియ్యండి.”

తీసి డాక్టరు చేతికి ఇవ్వబోయి ఆగాడు సర్వేయరు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు. చివరి దవడపన్ను వెనక, నోట్లో పెట్టుకున్నాక ఏ మనిషికీ కనబడని చోట, మైనంలో చిన్న కోత ఉంది. తిరగేసిన కొమ్ము.

“ఏమైంది? గుచ్చుకుంటోందా?” అన్నాడు డాక్టరు.

“ఇది ఎవరు చేశారు?”

“పైన ల్యాబులో మేస్త్రమ్మ. పదిహేనేళ్ళుగా మా పళ్ళన్నీ ఆవిడే చేస్తోంది. ఏం?”

“ఆవిడది ఎడమచేతి వాటమా?”

డాక్టరు కాసేపు ఆలోచించాడు. “ఎప్పుడూ చూడలేదండీ. నేను పళ్ళే చూస్తాను,” అన్నాడు.

సర్వేయరు ఆ పళ్ళ వరస చేతిలోనే పట్టుకుని మెట్లెక్కాడు. రెండో అంతస్తులో వసారా చివర ల్యాబు. గదంతా తెల్లటి ప్లాస్టరు దుమ్ము. గోడ పొడుగునా అరల్లో దవడల అచ్చులు, ఒక్కోదాని మీద పెన్సిలుతో నంబరు. ఒక మూల చిన్న గ్యాసు మంట. ముక్కు మండించే ఏదో మందు వాసన. కిటికీ కింద బల్ల దగ్గర యాభై ఏడు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి కూర్చుని ఉంది. కళ్ళజోడు తాడుతో మెడకు వేలాడుతోంది, కళ్ళకు మాత్రం భూతద్దం కట్టుకుంది. ఎడమచేతిలో సన్నటి కత్తి.

“చీటీ తెచ్చారా?” అంది తల ఎత్తకుండా.

“చీటీ కాదమ్మా. ఈ పళ్ళు మీరు చేసినవేనా?”

బోసినోటి మాటలు ఆవిడకి అలవాటే. “నావే. నొక్కుతుంటే డాక్టరు గారికి చెప్పండి, రాసి పంపుతారు.”

“నొక్కడం కాదు. మీరెప్పుడైనా పైపులు చెక్కారా? తెల్లరాయి పైపులు. ముసలాళ్ళ తలకాయలు.”

కత్తి ఆగింది. ఆవిడ భూతద్దం నుదుటి మీదికి తోసి ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఎవరు చెప్పారు మీకు?”

సర్వేయరు మైనపు చిగురు తిప్పి ఆ కోత చూపించాడు. ఆవిడ పకపకా నవ్వింది.

“ఇదా! కత్తిని తిప్పి వదులుతానండీ, లేకపోతే పెచ్చు లేస్తుంది. చిన్నప్పటి అలవాటు, చేతిని వదల్లేదు. అవి మా మామయ్య కార్ఖానావి. పదిహేనో ఏట కూర్చోబెట్టాడు, ఇరవై ఏడో ఏట లేచాను. పొద్దస్తమానం చన్నీళ్ళలో చేతులు. మీ దగ్గర ఒకటుందా?”

“పదకొండున్నాయి.”

“పదకొండు మంది ముసలాళ్ళు ఒకే ఇంట్లోనా? పాపం మీ ఆవిడ!”

సర్వేయరు ఏళ్ళ తరబడి మనసులో ఒక మనిషికి గడ్డం పెంచి, దుఃఖం పెట్టి, చివరికి చంపి కూడా పెట్టుకున్నాడు. “నేను మిమ్మల్ని మగమనిషి అనుకున్నానమ్మా. పెద్ద గడ్డం కూడా ఉంటుందనుకున్నాను,” అన్నాడు.

ఆవిడ చుబుకం తడుముకుంది. “గడ్డం ఇప్పుడిప్పుడే మొలుస్తోంది లెండి,” అని మళ్ళీ పనిలో పడింది.

ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే భార్య చేతిలోని పని పక్కన పెట్టేసింది. “మరి ఇంటికి పిలవకుండా వచ్చారా? అంతసేపూ అక్కడ నిలబడి ఏం చేశారు, పళ్ళు లెక్కపెట్టారా?” అంది. తనే డాక్టరు క్లినిక్కుకి ఫోను చేసి, మేస్త్రమ్మను ఆదివారం మధ్యాహ్నం టీకి పిలిచింది.

మేస్త్రమ్మ అన్న టైముకి వచ్చింది. బీరువా చూసి ఆహా ఓహో అనలేదు. సర్వేయరు మెత్తటి గుడ్డ పరిచి పదకొండింటినీ వరసగా పెడితే, దవడల అచ్చులు చూసినట్టే ఒక్కోదాన్నీ తీసుకుని, తలకిందులు చేసి, పొగాకు నింపే గిన్నె లోపల వేలు పెట్టి, వాసన చూసి పక్కన పెట్టింది.

“వీడు మా ఇంటి ఓనరు. ఈయన స్కూల్లో మా లెక్కల మాస్టారు, ఎడమచేత్తో రాస్తున్నానని స్కేలు విరిగేలా కొట్టాడు. ఈయన మా మామయ్యే. తన మొహమే అమ్ముకున్నాడు, చివరిదాకా తెలియలేదు పాపం.”

సర్వేయరు భార్య నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సర్వేయరుకి ఒక్కటే అడగాలని ఉంది. “ఈ మొహాలన్నీ ఏదో చెప్పబోయి ఆగినట్టుంటాయి కదమ్మా. అది... ఎందుకలా చేసేవారు?”

“నోరు తెరిచి చేస్తే పెదవి దగ్గర పలచబడి పగిలిపోతుందండీ. మూసే చెక్కమనేవాడు మామయ్య. మొదట తెరిచినట్టు గీసుకుని, తర్వాత మూసేదాన్ని. అంతే.”

సర్వేయరు తల ఊపాడు. నాలుగు పేజీల్లో రెండున్నర పేజీలు ఆ పెదవుల మీదే రాశాడు. వ్యాసం సంగతి ఎత్తకపోవడమే మంచిదనుకున్నాడు గానీ భార్య ఊరుకుంటుందా? “మిమ్మల్ని చంపేశారు కూడా వదినా, పత్రికలో వేయించారు!” అని చెప్పేసింది. మేస్త్రమ్మ నొచ్చుకోలేదు. “ముప్ఫై ఏళ్ళు కనబడకపోతే అనుకోరూ మరి,” అంది.

అలా ఆరు పైపులు అయ్యాక ఏడోది, వ్యాసంలోనూ ఏడో నంబరే, చేతిలోకి తీసుకుంది. సర్వేయరుకి అన్నిటికన్నా ప్రాణం అదే. అల్లికటోపీ పెట్టుకున్న ముసలాయన. నుదురు చిక్కటి టీ రంగు, బుగ్గలు తేనె రంగు. కాఫీ చల్లారిపోతే మా మామగారు పెట్టే మొహం అచ్చం ఇదే అని భార్య అనేది. మేస్త్రమ్మ దాన్ని తిప్పి కుడిచెవి చూసింది. చాలాసేపు చూసింది. టీ చల్లారిపోయింది.

“ఈ చెవి తప్పు,” అంది.

“తప్పేమిటి? ఎంత బాగుంటేనూ!” అన్నాడు సర్వేయరు.

“బాగానే ఉంది. అదే తప్పు. ఈయన మా వీధి చివర తాళాలు బాగుచేసేవాడు. కుడిచెవి తమ్మె సగం లేదు. చిన్నప్పుడెప్పుడో కుక్క పీకిందని చెప్పేవాడు. నా మొహం చెయ్యవే, ఊరికే కూర్చుంటాను అని ఆయనే అడిగాడు. ఆరు మధ్యాహ్నాలు కొట్టు మూసుకుని వచ్చి మా వాకిట్లో స్టూలు మీద కూర్చున్నాడు. చెవి ఒక్కటీ చివరికి పెట్టుకున్నాను, తడి కొంచెం ఆరాక చెయ్యాలని. ఈలోగా బేరగాడు వచ్చి కూర్చున్నాడని మామయ్య నా చేతిలోంచి లాక్కుపోయాడు. మర్నాడు తాళాలాయన ఎదురుపడి, ‘అయిపోయిందటగా, చెవి సరిగా చేశావా?’ అన్నాడు. ‘చేశాను’ అన్నాను. ‘అమ్మయ్య, అది లేకపోతే నన్నెవరు గుర్తుపడతారు!’ అన్నాడు.”

 మేస్త్రమ్మ చేతిసంచిలోంచి గుడ్డలో చుట్టిన సన్నటి కత్తి తీసింది. దర్జీలు కత్తెర మోసుకు తిరిగినట్టు దాన్ని మోసుకు తిరుగుతుంది కాబోలు.

“కాస్త నానబెడితే కోత ఐదు నిమిషాల పని. తీసెయ్యనా?”

 ఆ పైపు మీద ఎవరో తెలియని మనిషి ఏళ్ళ తరబడి కాల్చిన పొగ ఉంది. వ్యాసంలో పేజీ నిండా దాని ఫొటోనే. వచ్చే నెల సంఘం వాళ్ళ ప్రదర్శనలో మొదటి బల్ల మీద పెడతామన్నారు. ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడని పైపు అది.

సర్వేయరు పైపుని ఆవిడ చేతిలోంచి తీసుకుని గుడ్డ మీద పెట్టాడు. “వద్దమ్మా. ఇన్నాళ్ళూ ఇలాగే ఉంది. ఇలాగే ఉండనివ్వండి,” అన్నాడు.

మేస్త్రమ్మ కత్తి మళ్ళీ చుట్టి సంచిలో పెట్టేసుకుంది. “మీ వస్తువు, మీ ఇష్టం,” అంది. గొంతులో కోపం లేదు. మిగతా నాలుగూ చూసి, ఇంకో కప్పు టీ తాగి, బస్సు టైమయిందని లేచింది.

తర్వాతి వారం కట్టుడు పళ్ళు వచ్చాయి. రెండు రోజులు బాగానే ఉండి, మూడో రోజు కింద ఎడమవైపు చిగురు పుండు పడింది. డాక్టరు చీటీ రాసి పైకి పంపాడు. మేస్త్రమ్మ సెట్టుని కిటికీ వెలుగులో పట్టుకుని, తిరిగే చిన్న రాయి ఒకసారి ఆనించి తీసేసింది. నోట్లో పెట్టుకుంటే ఏదో కొత్త నోరు వచ్చినట్టుంది. చెవి సంగతి ఆవిడ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

కానీ బీరువా తలుపు తీసినప్పుడల్లా ఆయన చూపు ఇప్పుడు సూటిగా ఆ చెవి మీదికే పోతోంది. టోపీ బాగుంది, రంగు బాగుంది, గడ్డంలో ఒక్కో పోగూ బాగుంది. చెవి మాత్రం ఎవరిదో. మొహం పక్కకి తిప్పి పెట్టి చూశాడు. అలా పెడితే మరీ అదే కనబడింది.

“పంటి కింద రాయి పడ్డట్టు ఏమిటా మొహం?” అంది భార్య ఒకరోజు. “పళ్ళు నొక్కుతున్నాయా?”

“పళ్ళు కాదు.”

“మరి ఆ తమ్మేనా? తీయించెయ్యండి.”

“తీసెయ్యడానికి అదేమన్నా గోరా? వస్తువు పాడైపోతుంది. ఒకసారి బయటికి వెళ్ళిపోయిన వస్తువుని తర్వాత మార్చకూడదు.”

భార్య ఆయన వైపు తిరిగి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఆ బావి గురించి ఇరవై ఏళ్ళు నా బుర్ర తిన్నారు, గుర్తుందా?”

సర్వేయరు ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మ్యాపులో రెండు పల్లెల మధ్య బావి హద్దుకి అవతలి వైపు పడింది. ఆయన గీసిందే. తప్పు తనే కనిపెట్టి, దిద్దాలని తనే కాగితం పెట్టుకున్నాడు. పైఆఫీసరు ఆ కాగితం తిప్పి పంపేస్తూ, ‘అచ్చయిపోయింది కదయ్యా, ఇప్పుడేం మారుస్తాం’ అన్నాడు. ఆ మ్యాపు ఎన్నిసార్లు మళ్ళీ అచ్చయినా బావి అవతలే ఉంది. పళ్ళెంలో అన్నీ పెట్టాక కూడా ఆయన ఆ బావి దగ్గర మొదలుపెట్టేవాడని భార్య ఇప్పటికీ అంటుంది.

“ఆ ఆఫీసరు మాటే మీరిప్పుడు అంటున్నారు,” అని ఆవిడ తన పనిలోకి వెళ్ళిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం సర్వేయరు ఏడో నంబరుని పత్తిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టుకుని ల్యాబుకి వెళ్ళాడు. పెట్టె బల్ల మీద పెట్టి, “చేసెయ్యండమ్మా,” అన్నాడు.

ఆవిడ వెంటనే కత్తి తీయలేదు. “ఇప్పుడిది ఎండి గట్టిపడింది. తమ్మె వరకూ తడపాలి. తడిపితే అక్కడ రంగు పోతుంది. కోసిన చోట తెల్లగా కనబడుతుంది. మళ్ళీ నల్లబడాలంటే ఎవరో ఏళ్ళ తరబడి కాల్చాలి. మీరు కాల్చరు. తెలిసే తెచ్చారా?”

“తెలిసే.”

ఆవిడ మొహమంతా పలచటి రబ్బరుగుడ్డతో కట్టి, తడిపిన దూది తమ్మె మీద పెట్టి, తన పని తను చేసుకుంది. సర్వేయరు స్టూలు మీద కూర్చుని దవడల నంబర్లు చూస్తూ గంటన్నర గడిపాడు. దూది మూడుసార్లు మార్చింది. తర్వాత భూతద్దం కిందికి దించుకుని కత్తి పట్టుకుంది. మూడే కోతలు. నాలుగోది కోత కూడా కాదు, కత్తిని తిప్పి వదలడం. తెల్లటి పొడి కాస్త బల్ల మీద రాలింది. వేలితో మైనం వెచ్చబెట్టి అంచుకి రాసి, గుడ్డ విప్పి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

టీ రంగు చెవికి కింద సగం తమ్మె లేదు. కోసిన చోట పాతగోడలోంచి మేకు పీకినట్టు తెల్లగా ఉంది. చూడటానికి అందంగా లేదు.

“ఆఁ. ఇదీ ఆయన,” అంది మేస్త్రమ్మ.

“ఆయన ఇప్పుడు...”

“పోయి పాతికేళ్ళు దాటింది.” పైపు ఆయన చేతిలో పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, అరలోంచి ఇంకో దవడ తీసింది. “చేతులు తడిగా ఉంటే పట్టుకోకండి, రెండు రోజులు,” అంది.

సర్వేయరు ఆ వారమే సంఘానికి సవరణ రాసి పంపాడు. ఎడమచేతాయన మగమనిషి కాదనీ, చనిపోలేదనీ, పెదవుల గురించి తను రాసింది పొరపాటనీ, ఏడో నంబరు మొహం ఫలానా తాళాలు బాగుచేసే ఆయనదనీ, చెవిని చెక్కినావిడే స్వయంగా పూర్తి చేసిందనీ ఒకటిన్నర పేజీ. కొత్త ఫొటో కూడా జతచేశాడు.

కార్యదర్శి జవాబు పది రోజులకు వచ్చింది. మర్యాదకేం తక్కువ లేదు. ఆ స్త్రీ చెప్పిన విషయాలకు కార్ఖానా కాగితాలేవీ ఆధారంగా లేవు కాబట్టి సవరణను ‘సభ్యుల అభిప్రాయాలు’ కింద నాలుగు వాక్యాలుగా వేస్తామన్నాడు. ఏడో నంబరు ‘ఇటీవల దెబ్బతిన్న’ కారణంగా ప్రదర్శనలో పెట్టలేకపోతున్నందుకు విచారిస్తున్నామన్నాడు.

‘దెబ్బతిన్న’ అనే మాట దగ్గర సర్వేయరుకి ఒళ్ళు మండింది. రెండు రోజులు కార్యదర్శికి మనసులోనే ఉత్తరాలు రాశాడు. మూడో రోజు ఒకటి నిజంగానే రాశాడు. చివరికి అది పోస్టు చెయ్యలేదు గానీ, సంఘానికి ఆ ఏడు మళ్ళీ వ్యాసం కూడా పంపలేదు. పంపమని వాళ్ళు అడగనూ లేదు.

మేస్త్రమ్మ ఆదివారాలు రావడం అలవాటైంది. వచ్చేది ఆయన కోసం కాదు, ఆయన భార్య కోసం. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, ఇద్దరిళ్ళల్లోనూ లిఫ్టు పనిచెయ్యదు, మాటలకి కొదవేముంది. ఒక ఆదివారం సర్వేయరు ముందుగానే బీరువా తుడిచి, ఏడో నంబరుని పై అరలో మధ్యన, కుడిచెవి గదివైపుకి కనబడేలా తిప్పి పెట్టాడు. మేస్త్రమ్మ వచ్చి బీరువాకి వీపు పెట్టి కూర్చుంది. టీ తాగింది. లిఫ్టు మెకానిక్కు ఈ వారం కూడా రాలేదని చెప్పింది. కింది అంతస్తావిడ మెట్ల మీద చెప్పుల అర పెట్టిందని చెప్పింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

సర్వేయరు కాసేపు చూశాడు. ఆఖరికి ఉండబట్టలేక, “పైపు చూడరా అమ్మా?” అన్నాడు.

“చూశాను కదండీ,” అంది ఆవిడ. “అయిపోయింది.” అని భార్య వైపు తిరిగి, “ఇంతకీ ఆ నూనె రాస్తే తగ్గిందా వదినా?” అని అడిగింది.